రెండు ఇళ్ల నడుమ సందు: సిమెంటు ఎందుకు నిలవదు?

మన ఊళ్లలో పాత వీధుల్లోనూ, చిన్న స్థలాల కాలనీల్లోనూ గోడకు గోడ ఆనించి ఇల్లు కట్టుకోవడం మామూలే. అన్నదమ్ముల వాటాలైతే చెప్పనే అక్కర్లేదు. ఇలాంటి ఇళ్లలో శ్లాబు ఎంత గట్టిగా పోసినా, తొలకరి పడగానే రెండు ఇళ్లు కలిసే గోడ వెంబడి చెమ్మ దిగుతుంది. మేస్త్రిని పిలిస్తే సందులోని మట్టి గీకి, సిమెంటు కూరి, పైన ఏదో కెమికల్ పూత పూసి వెళ్తాడు. ఆ ఏడు గడుస్తుంది. మరుసటి ఏడు మళ్లీ కారుతుంది. సరుకు మంచిది కాదనో, పనివాడు సరిగా చేయలేదనో, పక్కింటివాళ్ల డాబా నీళ్లన్నీ మనవైపే వస్తున్నాయనో అనుకుంటాం. వీటిలో ఏదో ఒకటి నిజం కావచ్చు గానీ, అసలు పొరపాటు అంతకన్నా ముందే జరుగుతోంది. ఆ సందును మనం పగులుగా లెక్కగడుతున్నాం. అక్కడ ఉన్నది రెండు వేర్వేరు కట్టడాలు దేని దారిన అది కదిలే చోటు. అలాంటి చోటును అతికిస్తే అతుకు తెగడం ఖాయం. దాన్ని కదలనిచ్చి, నీళ్లు అక్కడికి చేరకుండా పైనుంచి కప్పడమే నిలిచే మార్గం.

కదలిక ఎంతో లెక్క వేసి చూద్దాం. ఒక డిగ్రీ వేడి పెరిగితే కాంక్రీటు తన పొడవులో సుమారు లక్షో వంతు పెరుగుతుంది. వినడానికి ఇది ఏపాటిదీ కాదు. కానీ వేసవి మధ్యాహ్నం నల్లబడిన డాబా పైభాగం 55, 60 డిగ్రీల దాకా కాగుతుంది. వాన పడ్డాక శ్లాబు మొత్తం మీద 25 డిగ్రీలు చల్లబడిందనుకుంటే, 12 మీటర్ల శ్లాబు 3 మిల్లీమీటర్లు కురచ అవుతుంది, అంటే ఒక్కో అంచున ఒకటిన్నర. పక్కింటి శ్లాబూ అంతే జరుగుతుంది కాబట్టి సందు దగ్గర దగ్గర 3 మిల్లీమీటర్లు తెరుచుకుంటుంది. గోడలూ, దూలాలూ పట్టి ఉంచడం వల్ల ఇందులో కొంత తగ్గుతుంది, అయినా లెక్కలోంచి పోదు. ఇక 20 మిల్లీమీటర్ల వెడల్పున కూరిన సిమెంటు తెగకుండా ఎంత సాగగలదు? మిల్లీమీటరులో వందో వంతు కూడా సాగదు. నొక్కితే ఎంత బరువైనా మోస్తుంది, లాగితే మాత్రం ఇట్టే తెగుతుంది, సిమెంటు స్వభావమే అది. సందు కోరేది మిల్లీమీటర్లు, సిమెంటు ఇవ్వగలిగేది అందులో వందో వంతైనా కాదు. పాళ్లు మార్చినా, నీళ్లు ఆపే పొడి కలిపినా ఈ తేడా పూడదు.

ఇందులో గమనించాల్సిన విషయం మరొకటి ఉంది. శ్లాబు చల్లబడి సందు తెరుచుకునేది సరిగ్గా వాన పడుతున్నప్పుడే. ఎండలో నిలబడి చూస్తే మూసుకుపోయినట్టే కనిపించే గీత, జోరువానలో నోరు తెరుస్తుంది. పైగా సన్నగా ఉన్నంత మాత్రాన అది నీళ్లను ఆపదు, లోపలికి లాగుతుంది. తడిసిన రెండు గోడల మధ్య పదో వంతు మిల్లీమీటరు ఎడం ఉంటే, తలతన్యత వల్ల నీరు దానంతట అదే 15 సెంటీమీటర్ల ఎత్తు దాకా ఎగబాకగలదు. అదే ఎడం ఒక మిల్లీమీటరైతే ఎగబాకేది ఒకటిన్నర సెంటీమీటరే. అందుకే వెంట్రుక మందం చీలిక ఉన్న ఇంట్లో కూడా గోడ అంత ఎత్తున నిమ్మెక్కుతుంది.

నేల కూడా ఊరుకోదు. ముప్పై ఏళ్ల కిందటి ఇల్లు దిగాల్సినంత దిగి కుదురుకుని ఉంటుంది. దాని పక్కన కొత్తగా లేచిన మూడంతస్తుల ఇల్లు మరికొన్నేళ్లు కొద్దికొద్దిగా దిగుతూనే ఉంటుంది. నల్లరేగడి నేలల్లో అయితే బంకమట్టి వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుతుంది, దానితోపాటు పునాదులూ కాస్త లేస్తూ దిగుతూ ఉంటాయి. రెండు ఇళ్లూ ఒకే తీరున కదలవు. ఈ కదలిక అడ్డంగా కాదు, నిలువుగా ఉంటుంది, అతికించినదాన్ని కోసేస్తుంది.

ఇక ఆ సందులోకి తొంగిచూస్తే ఏముంటుంది? రెండు మూడు అంగుళాల ఎడం, అందులో ఇటుక ముక్కలు, రాలిన సిమెంటు పెళ్లలు, పావురాల రెట్ట, ఒక్కోచోట రావి మొక్క. ఆ చెత్త నీళ్లను పట్టి ఉంచుతుంది, వేళ్లు ఇటుకల మధ్య దారి చేసుకుంటాయి. అన్నిటికన్నా ముఖ్యం, రెండో ఇల్లు కట్టినవాళ్ల గోడకు సందువైపు సిమెంటు పూత ఉండదు. తాపీ పట్టిన చెయ్యి దూరే జాగా లేకపోతే ఎవరు మాత్రం పూయగలరు? ఆ పచ్చి ఇటుకలు నేరుగా తడుస్తాయి. మామూలు ఇటుక తన బరువులో 20 శాతం దాకా నీళ్లు పీల్చవచ్చని మన జాతీయ ప్రమాణమే అనుమతిస్తుంది. కాబట్టి పైన సందు ఒక్క అడుగు మేర తెరిచి ఉన్నా, లోపల గది గోడ సగం చెమ్మగిల్లుతుంది. ఈ తడి శ్లాబులోని ఇనుము దాకా చేరితే తుప్పు పుట్టి, ఆ ఇనుము ఉబ్బి, కాంక్రీటు పెచ్చులు రాలడం మొదలవుతుంది.

మరమ్మతుకు ముందు నీళ్లు ఎటునుంచి వస్తున్నాయో తేల్చుకోవాలి. సందు పొడిగా ఉంచి, మీ డాబా మీద మాత్రమే మట్టితో చిన్న కట్టలు వేసి నీళ్లు నిలబెట్టండి. ఒకటి రెండు రోజులు చూసినా కారకపోతే శ్లాబు తప్పు లేదు. ఆ తర్వాత సందులో నీళ్లు పోయండి. కాసేపట్లోనే లోపల మరక కనిపిస్తే దారి దొరికినట్టే. లోపల చుక్క పడే చోటు, పైన నీరు దిగే చోటు ఒకటే కానక్కర్లేదు. కరెంటు వైర్ల పైపుల వెంట నీరు గది అవతలి చివరి దాకా పోతుంది.

రెండు డాబాలూ ఒకే ఎత్తులో ఉంటే పని తేలిక. సందుకు అటూ ఇటూ ఆరంగుళాల ఎత్తున చిన్న గట్లు కట్టాలి, పిట్టగోడలు ఉంటే అవే చాలు. వాటి మీదుగా, రెండువైపులా రెండేసి అంగుళాలు బయటికి వచ్చేలా జింకు రేకుగానీ అల్యూమినియం రేకుగానీ పరిచి, కాస్త వాటం ఇవ్వాలి. దాన్ని బిగించాల్సింది ఒక్క ఇంటివైపే. రెండోవైపు జారడానికి వీలుగా పొడవాటి రంధ్రాల్లో మరలు వదులుగా ఉండాలి, తుపాను గాలికి లేవకూడదు, ఇల్లు కదిలితే అడ్డుపడకూడదు. కడప బండ పరిచినా ఇదే సూత్రం, బండ కింద అంచున వేలు పట్టేంత గాడి తీస్తే నీరు వెనక్కి పాకకుండా అక్కడే చుక్కగా రాలుతుంది. రేకు మీద రేకు ఎక్కే చోట కనీసం ఆరంగుళాల ఎక్కుడు ఉండాలి. పెంకుటింట్లో పెంకు పక్క పెంకును అతికించేవారు కాదు, ఎక్కించి పరిచేవారు. రెండు చూర్లు కలిసే చోట రేకు దోనె పెట్టేవారు.

ఒక ఇల్లు ఎత్తుగా ఉంటే, ఆ గోడలో అంగుళం లోతు గాడి కోసి ఒక రేకు పై అంచును అందులోకి దూర్చి మూయాలి. తక్కువ ఎత్తు ఇంటి గట్టు మీద బిగించిన మరో రేకు దాని కిందకి రావాలి. పై రేకు ఒక ఇంటిది, కింది రేకు మరో ఇంటిది, రెండూ ఒకదాన్నొకటి పట్టుకోవు.

సాగే సీలెంట్లు వచ్చాక ఇంత శ్రమ ఎందుకని అడగవచ్చు. మంచి పాలియురెథేన్ సీలెంటు తన వెడల్పులో పాతిక శాతం అటూ ఇటూ కదలికను ఓర్చుకుంటుంది. కానీ 3 మిల్లీమీటర్లు తట్టుకోవాలంటే సందు 12 మిల్లీమీటర్లయినా ఉండాలి, అడుగున ఫోమ్ తాడు పెట్టి అది రెండు పక్కలకే అంటేలా చూడాలి, అంచులు పొడిగా శుభ్రంగా ఉండాలి. పెళ్లలూడిన పాత ఇటుక అంచుల మీద ఇదంతా కుదరడం అరుదు. కుదిరినా ఎండకు కొన్నేళ్లలో గట్టిపడుతుంది. దాన్ని కప్పు కింద రెండో కాపలాగా వాడుకోవచ్చు. ఇక డాబా అంతా పూసే రబ్బరు పూత సంగతి. సందుకు రెండు అంచులా అది గట్టిగా అంటుకుంటే, సాగాల్సింది సందు మీదున్న వెంట్రుకవాసి భాగమే, అందుకే సరిగ్గా అక్కడే చిరుగుతుంది. సందు మీద రెండంగుళాల పట్టీ అంటకుండా వదిలేస్తే ఆ సాగుడు అంత మేరా సర్దుకుంటుంది. పూతే వేయాలనుకుంటే ఈ పట్టీని మరవకండి. రెండు శ్లాబులనూ ఇనుప చువ్వలతో కలిపేస్తే పీడా పోతుందనేవాళ్లూ ఉన్నారు. పునాదులు వేరైన ఇళ్లను పైన కలిపితే పగులు ఇంకోచోటికి మారుతుంది, ఈసారి గది నడిమధ్యకు. ఒకే ఇంజనీరు కట్టే పెద్ద భవనాల్లో సైతం పొడవు 45 మీటర్లు దాటితే మధ్యలో కావాలని ఎడం వదలమని మన కాంక్రీటు ప్రమాణం ఐ.ఎస్. 456 చెబుతుంది.

అన్నిటికన్నా గట్టి అభ్యంతరం పక్కింటివాళ్లు ఒప్పుకోకపోవడం. అప్పుడు కూడా మీవైపు గట్టు కట్టి, మీవైపే రేకు బిగించి సందు మీదికి చాచవచ్చు, దానికీ వారి అనుమతి తీసుకోవాలి. అదీ కాదంటే కనీసం సందులోని చెత్త తీయించి, అడుగున నీరు వీధిలోకి పోయే దారి తెరిచి ఉంచండి. ఆ దారిని సిమెంటుతో మూయడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు, పైనుంచి దిగిన నీరంతా మీ గోడల్లోకే ఎక్కుతుంది. అయితే కారేది రెండు ఇళ్లకూ కాబట్టి, ఖర్చు చెరిసగం వేసుకుందామని ముందుగా వెళ్లి అడగడమే మేలు. మే నెలాఖరుకు పని ముగించండి. రేకు రెండోవైపు కూడా సిమెంటుతో మూసేస్తానని మేస్త్రి అంటే వద్దని చెప్పండి.