చలికాలంలో పెరటి చెట్లు

కార్తీకం వెళ్ళి మార్గశిరం వచ్చేసరికి మనం రగ్గులు ఎండలో వేస్తాం, పిల్లల స్వెట్టర్లు బయటికి తీస్తాం, పెద్దవాళ్ళ స్నానానికి వేణ్ణీళ్ళు పెడతాం. మరి పెరట్లో ఉన్న చెట్టు మాటేమిటి? దానికి ఈ రోజుల్లో చేయవలసినవి కొన్ని ఉన్నాయి. చేయకూడనివి అంతకంటే ఎక్కువ ఉన్నాయి. ఈవేళ వాటిని గురించి చెప్పుకుందాం.

మంచు కురిసే దేశాల్లో చెట్టును చలి నుంచి కాపాడుకోవడమే పెద్ద పని. మనకా బాధ లేదు. జనవరిలో తెల్లవారుజామున హైదరాబాదులో 15 డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా, కోస్తా పట్టణాల్లో 18, 20 డిగ్రీల దాకా ఉంటుంది. ఈపాటి చలికి బాగా ఎదిగిన చెట్టుకేమీ కాదు. వానలు వెనకపడి నేల మెల్లగా ఆరుతుంది. కొమ్మల ఎదుగుదల తగ్గుతుంది. అంటే చెట్టుకిది విశ్రాంతి కాలమన్నమాట. ఆ విశ్రాంతిని మనం చెడగొట్టకుండా ఉంటే చాలు, సగం పోషణ అయినట్లే.

ఈ మాట అన్నిటికంటే మామిడికి బాగా వర్తిస్తుంది. “మా మామిడి ఏపుగా ఉందండీ, ఆకు నిగనిగలాడుతోంది, పూత మాత్రం రాదు” అని చాలామంది అంటుంటారు. అలాంటి ఇంట్లో బియ్యం కడిగిన నీళ్ళు, అంట్లు తోమిన నీళ్ళు, స్నానాల నీళ్ళు ఎటు పోతున్నాయో ఒకసారి చూడండి. చాలాచోట్ల కాలువ తిన్నగా మామిడి పాదులోకే ఉంటుంది. మామిడి కొమ్మ చివర వచ్చే మొగ్గ పువ్వు కావాలా, ఆకు కావాలా అన్నది దసరా వెళ్ళాక, సంక్రాంతి లోపల తేలుతుంది. అప్పుడు నేల ఆరి, చల్లగా ఉంటే అది పువ్వవుతుంది. రోజూ తడి తగులుతుంటే మళ్ళీ ఆకే వేస్తుంది. డిసెంబరులో కొమ్మల చివర ఎర్రని లేత చిగురు కనిపించిందంటే ఆ కొమ్మకు ఈ ఏడు పూత లేనట్లే. తుపాను వానలు మన చేతిలో లేవు కానీ, కాలువ మన చేతిలోనే ఉంది కదా?

అందుచేత కాపుకొచ్చిన మామిడికి నవంబరు నుంచి నీళ్ళు ఆపేయండి. ఆ కాలువను కొబ్బరి చెట్టుకో అరటికో మళ్ళించండి. వాటికి ఏడాది పొడుగునా తడి కావాలి. మామిడి పిందెలు బఠాణీ గింజంత అయ్యాక మళ్ళీ నీళ్ళు మొదలుపెట్టవచ్చు. ఈ మూడు నెలలూ పేడ ఎరువు గానీ యూరియా గానీ వేయవద్దు. కొమ్మలు కొట్టించడం కూడా ఇప్పుడు పనికిరాదు. కొమ్మ కొసలోనే పూత ఉంటుంది, కొస తీస్తే పూత తీసినట్లే. కోతలు అయిపోయాక, జూన్, జూలై నెలల్లో కొట్టించుకోండి.

అయితే అన్నీ మామిడి లాంటివే అనుకోకూడదు. నిరుడో మొన్ననో నాటిన చిన్న మొక్కలకు వేరు లోతుకు పోదు. వాటికి, మామిడి మొక్కే అయినా సరే, వారానికి రెండుసార్లు, ఎండెక్కాక, పాదు తడిసేలా పోయండి. కరివేపాకు చలికి ముడుచుకుంటుంది. కొన్ని ఆకులు పండి రాలతాయి, కొత్త చిగురు రాదు. ఎండిపోతోందని కంగారుపడి బిందెలకొద్దీ నీళ్ళు పోస్తే వేరు కుళ్ళుతుంది. తగ్గించి పోయండి, తాలింపుకు కావలసినంత మాత్రం కోసుకోండి. చెట్టును దూసేయవద్దు.

ఇక తెగుళ్ళ సంగతి. వారానికొకసారి చెట్టు దగ్గర ఐదు నిమిషాలు నిలబడి చూడండి. మామిడి పూత మీద బూడిద చల్లినట్లు కనిపిస్తే అది బూడిద తెగులు. నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు కలిపి చల్లపూట చల్లాలి. ఆకులు జిగటగా ఉండి చీమలు పడుతుంటే తేనెమంచు పురుగు చేరిందన్నమాట. పూత విచ్చకముందే వేపనూనె లీటరు నీళ్ళకు 5 మిల్లీలీటర్లు, రవ్వంత సబ్బుతో కలిపి చల్లండి. పూలు విచ్చాక పురుగుమందుల జోలికి వెళ్ళవద్దు. పూత కాయ కావాలంటే ఈగలూ తేనెటీగలూ రావాలి కదా! పిండినల్లి పిల్లలు డిసెంబరు, జనవరి నెలల్లో నేలలోంచి మొదలు వెంట పైకి పాకుతాయి. మొదలుకు అడుగు ఎత్తున జానెడు పైన వెడల్పు గల ప్లాస్టిక్ కాగితం బిగించి కట్టి, దాని కింది అంచుకు గ్రీజు రాస్తే పైకి ఎక్కలేవు. మునగ మొదలు మీద గొంగళి పురుగులు గుంపుగా చేరితే సబ్బునీళ్ళు గట్టిగా చల్లి పాత చీపురుతో దులిపేయండి. చేతికి తగలనివ్వకండి, దద్దుర్లు వస్తాయి.

రాలిన ఆకుల్ని తుడిచి తగలబెట్టడం మనకు అలవాటు. దానివల్ల పొగా దగ్గూ తప్ప మిగిలేదేమీ లేదు. ఒక మూల గొయ్యి తీసి, ఆకులు ఒక వరస, పేడనీళ్ళు ఒక వరస వేస్తూ, తడి ఆరకుండా చూస్తే తొలకరి నాటికి మంచి ఎరువు అవుతుంది. భోగి మంట వేసేటప్పుడు చెట్టు కింద వద్దు. అప్పటికి మామిడి పూత మీద ఉంటుంది, సెగ తగిలితే మాడిపోతుంది. కార్తీకంలో ఉసిరి కింద దీపం కూడా మొదలుకు ఆనించకుండా జానెడు ఎడంగా పెట్టండి.

ఇంకొక్క మాట. రెండేళ్ళు కాయకపోతే “గొడ్డు చెట్టు, కొట్టించేద్దాం” అంటారు ఇంట్లో. ఆ మాట మనుషుల్ని అంటే ఎంత బాధో మనకు తెలుసు. ఆడవాళ్ళమై చెట్టునైనా అలా అనగలమా? అంటు మామిడి నాలుగైదేళ్ళకు కాపుకొస్తుంది. టెంక నుంచి మొలిచిన చెట్టుకు ఏడెనిమిదేళ్ళు, ఒక్కొక్కప్పుడు ఇంకా ఎక్కువ పడుతుంది. దాని వయసెంతో లెక్క చూడండి. కాలువ ఎటు పోతోందో చూడండి. మొదలు చుట్టూ గచ్చు చేయించి వేరుకు గాలి ఆడకుండా చేశారేమో చూడండి. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం ప్రకారం చెట్టు కొట్టేముందు అనుమతి కూడా తీసుకోవాలి. ఇంట్లో మగవాళ్ళకు ఆ సంగతి గుర్తుచేయండి. గొడ్డలి మాట ఎత్తకముందు, ఒక్క చలికాలం దాన్ని దాని మానాన వదిలి చూడమనండి. మాఘమాసంలో కొమ్మ నిండా పూత వస్తే, ఎండాకాలం ఆవకాయకు కాయలు బజారులో వెతుక్కోనక్కరలేదు.