నవాసాగరము - టర్బైను రెక్క

కోనసీమలో ఇనుము ఎంతకాలము మన్నునో సముద్రపు గాలి నిర్ణయించును. అంతర్వేది, ఓడలరేవు వాసులకు ఈ సంగతి మేము చెప్పనక్కరలేదు. ఆ ఉప్పుగాలియే గ్యాస్ టర్బైనులోనికి ప్రవేశించినచో ఏమగును? రావులపాలెం మండలం దేవరపల్లిలో 445 మెగావాట్ల గ్యాస్ విద్యుత్కేంద్రము నిర్మించిన ప్రాంతము మనది. ఈ ప్రశ్న మనకు పరాయిది కాదు.

టర్బైను రెక్కలను నికెలు ప్రధానముగా గల మిశ్రలోహములతో చేయుదురు. ఎర్రగా కాలుచున్నను ఇవి తేలికగా సాగిపోవు. వీటి బలము చాలవరకు, మూడు పాళ్ళు నికెలు, ఒక పాలు అల్యూమినియము కూడిన అతిసూక్ష్మ కణములలో ఉన్నది. అయితే ఉప్పులోని సోడియము గంధకముతో కలిసి సోడియం సల్ఫేటుగా మారును. అది 884 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కరగి రెక్కపై పరచుకొన్నచో, లోహమును కాపాడు ఆక్సైడు పొర దానిలో కరగిపోవును. అంతటి గట్టి లోహమును గుల్లయగును. అందుచేతనే పూత అవసరము.

పూత అనగానే గోడకు వేయు సున్నము గుర్తుకు వచ్చును. అది సరియైన పోలిక కాదు. పాత్రకు వేయు కళాయి మేలు. అందు తగరము పాత్రలోని రాగితో కలిసి సన్నని సంధిపొర ఏర్పరచును. కళాయి వేయువారు నవాసాగరము చల్లి తగరమును రుద్దుట పెద్దలు చూచియే యుందురు. ఉర్దూలో దానినే నౌషాదర్ అందురు. ఆ నవాసాగరమే ఇక్కడను పనిచేయును! అల్యూమినియము, అల్యూమినా, కొద్ది నవాసాగరము కలిపిన పొడిలో రెక్కలను పూడ్చి, ఆక్సిజన్ సోకకుండ వేడిచేయుదురు. పాత్రపై అది మలినమును తొలగించును. ఇక్కడ అల్యూమినియమును ఆవిరిగా మోసికొనిపోయి రెక్కకు అప్పగించును.

ఆ రెక్కను అడ్డముగా కోసి, నునుపుచేసి సూక్ష్మదర్శినిలో చూచినచో అసలు విషయము తెలియును. పైన నికెలు, అల్యూమినియము సుమారు సమాన పరమాణువులుగా కూడిన పొర; దాని క్రింద క్రోమియము, టంగ్‌స్టన్ వంటివి కార్బైడులుగను, ఇతర కణములుగను పేరుకొన్న పొర; దానికి దిగువ మూలలోహము. ఆ నడిమి పొరను ఎవరును పూయలేదు. నికెలు పైకి వలసపోగా, ఇమడలేక మిగిలిన మూలకములవి. అనగా పూతకు కావలసిన నికెలును రెక్కయే ఇచ్చినది.

పనిచేయునప్పుడు పైపొర తనపై పలుచని అల్యూమినా తెరను కట్టుకొనును. అది రాలినప్పుడెల్ల మరల కట్టుకొనుచు తన అల్యూమినియమును ఖర్చుచేయును. కొంత లోనికి జారిపోవును కూడ. పైపొర నడుమ మూడుపాళ్ళ నికెలు సమ్మేళనము మచ్చలుగా కనిపించినచో పూత ఆయువు తరుగుచున్నట్లే. పైమెరుపును నమ్మరాదు.

మరి మందముగా పూసినచో చాలదా? చాలదు. చల్లారినప్పుడు ఆ పొర పెళుసు. మందమైనకొలది బీటలువారి, ఆ బీట మూలలోహములోనికి దిగు ప్రమాదమున్నది. కనుక ముందుగా రెక్కపై పలుచగా ప్లాటినము నెక్కించి, ఆపై అల్యూమినియమును చేర్చు పద్ధతి వచ్చినది. దీనివలన అల్యూమినా తెర గట్టిగా అంటుకొనును. హైదరాబాదు కాంచన్‌బాగ్‌లోని డిఫెన్స్ మెటలర్జికల్ రీసెర్చ్ లాబొరేటరీ శాస్త్రజ్ఞులు ఈ ప్లాటినము పూతల సూక్ష్మనిర్మాణముపై విస్తారముగా పరిశోధించియున్నారు.