గిడ్డంగి రసీదు - కాగితమునుండి కంప్యూటరునకు

మన గుంటూరు, ప్రకాశము మైదానములలో మాఘ ఫాల్గుణ మాసములు వచ్చునప్పటికి మిరప కల్లములన్నియు ఎఱ్ఱబడును. ఊరూరి పంటయు ఒక్కమారుగా గుంటూరు యార్డునకు దిగును. అప్పటి ధర ఎట్లున్నను, కోతకూలీలకు, ఎరువుల కొట్టునకు, కౌలునకు సొమ్ము చెల్లింపవలసిన రైతు ఆ ధరకే అమ్ముకొనక తప్పదు. నిలువ ఓపిక గలవాడు మాత్రము తన టిక్కీలను శీతల గిడ్డంగిలో పెట్టి, ఒక రసీదు తెచ్చుకొని వేచియుండును. ఆ రసీదునే మనవారు బాండు అని వాడుచున్నారు.

రైతు చేతినుండి సరకు వెడలిపోయిన పిమ్మట అతనికి మిగులునది ఆ బాండు ఒక్కటియే. అది సరియైనదైన సరకు అతనిది. కానిచో ఏడాది కష్టము అనుమానములో పడినట్లే. ఇట్టి రసీదులు కొంతకాలముగా కాగితమును విడిచి కంప్యూటరు లెక్కలలోనికి మారుచున్నవి. ఈ మార్పు ఏమి, అందువలన రైతునకు కలుగు లాభమేమి, అది తీర్పలేని లోపములేవి, అను విషయములను మన సభ్యులకు విశదపఱచుటకే ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

రసీదు ఏల విలువ గలది?

ఓడలో సరకు ఎక్కించినవానికి ఓడవారిచ్చు పత్రము, రైలులో వేసినవానికి రైల్వేవారిచ్చు రసీదు, గిడ్డంగిలో దాచినవానికి గిడ్డంగివారిచ్చు రసీదు - ఈ మూడును ఒక్క జాతివే. 1930 నాటి సరకుల విక్రయ చట్టము వీనిని సరకుపై హక్కును తెలుపు పత్రములుగా అంగీకరించినది. సరకు కదలకయే పత్రము చేతులు మారిన చాలును, హక్కు మారును. కావుననే బ్యాంకువారు సరకును తమ యింటికి తెప్పించుకొనకయే రసీదును కుదువ పెట్టుకొని అప్పు ఇయ్యగలుగుచున్నారు.

కాగితమునందలి చిక్కులు

కాగితము తడియును, చిరుగును, పోవును. ఇది చిన్న చిక్కు. పెద్ద చిక్కు వేఱొకటి కలదు. ఒకే సరకుపై రెండు రసీదులు పుట్టవచ్చును. వంద టిక్కీలున్నచోట నూటయేబది అని వ్రాయవచ్చును. ఒకచోట కుదువలోనున్న సరకు మఱియొకచోట అమ్ముడుపోవచ్చును. బ్యాంకువాడు ఈ మోసములకు జడిసి, ప్రతి రసీదును గిడ్డంగికి పోయి విచారించును. విచారణకు దినములు పట్టును. ఆ లోపల అప్పుల వాండ్రు రైతు గుమ్మములో కూర్చుందురు. అనుమానము గల బ్యాంకువాడు అప్పు తగ్గించి యిచ్చును, లేదా పెద్ద వ్యాపారికే ఇచ్చును. మోసము చేసినవాడెవడైనను దాని ఖరీదును చెల్లించువాడు నిజాయతీగల చిన్న రైతే యగుచున్నాడు.

చట్టము నడచిన త్రోవ

పల్లెలలోని అప్పులనుగూర్చిన విచారణ సంఘము 1954 లో చేసిన సిఫారసులనుబట్టి 1956 లో గిడ్డంగుల చట్టము వచ్చినది. 1957 లో కేంద్ర గిడ్డంగుల సంస్థయు, 1958 లో మన రాష్ట్ర సంస్థయు ఏర్పడినవి. అయినను రసీదుకు పూర్తి గౌరవమును కల్పించిన చట్టము 2007 నాటిది. ఆ చట్టము 2010 అక్టోబరులో అమలునకు వచ్చి, గిడ్డంగుల అభివృద్ధి నియంత్రణ ప్రాధికార సంస్థ అను అధికార మండలిని నెలకొల్పినది. ఈ సంస్థయొద్ద నమోదైన గిడ్డంగి మాత్రమే చేతులు మారుటకు వీలుగల రసీదును ఈయవలెనని శాసనము. 2017 సెప్టెంబరు 26 వ తేదీని ఆ రసీదు ఎలక్ట్రానిక్ రూపము దాల్చినది.

ఈ పద్ధతి మనదేశమున పుట్టినది కాదు. అమెరికాలో గిడ్డంగుల చట్టము 1916 నుండియు కలదు. అక్కడ మొట్టమొదట కాగితమును విడిచిన సరకు ప్రత్తియే. 1990 తరువాతి దశాబ్దములో ప్రత్తి బేళ్ల రసీదులు కంప్యూటరులోనికి మారినవి. 2000 సంవత్సరపు చట్టము ఇతర పంటలకును ఆ వీలు కల్పించినది.

పని జరుగు విధము

రైతు ముందుగా రిపాజిటరీ అను సంస్థలో ఒక ఖాతా తెఱవవలెను. బ్యాంకులో మన సొమ్మునకు ఖాతా యున్నట్లే, ఇక్కడ మన సరకునకు ఖాతా యుండును. ఆధారు, బ్యాంకు పుస్తకము, సెల్‌ఫోను నంబరు మొదలగునవి ఇందులకు కావలయును.

సరకు గిడ్డంగికి చేరిన పిమ్మట కాటా వేసి, తేమయు నాణ్యమును పరీక్షింతురు. సరకు పేరు, బస్తాల సంఖ్య, బరువు, తరగతి, ఆనాటి వెల, నిలువ ఉంచగల గడువు, అద్దె, భీమా - ఇవన్నియు కంప్యూటరులో ఎక్కించి రైతు ఖాతాలో జమ కట్టుదురు. రైతు అప్పు కోరినయెడల బ్యాంకువారు ఆ ఖాతాను తమ కార్యాలయమునుండియే చూచి, కుదువ గుర్తు వేయుదురు. అప్పు తీఱి బ్యాంకువారు ఆ గుర్తును తొలగించువఱకు గిడ్డంగివాడు ఒక్క టిక్కీనైనను విడువరాదు. అమ్మకము జరిగినప్పుడు రసీదు కొన్నవాని ఖాతాకు మారును. వందలో నలువది అమ్మి అఱువది నిలుపుకొనుటకును వీలు కలదు. ఒక సరకునకు ఒక్క లెక్కయే యుండుటచేత రెండు రసీదుల మోసమునకు చోటు తగ్గుచున్నది.

2024 మార్చిలో ఇ-కిసాన్ ఉపజ్ నిధి అను ఏర్పాటు వచ్చినది. దానివలన రైతు ఒక్కచోటనుండియే వేర్వేఱు బ్యాంకులను అప్పు అడుగవచ్చును. అదే సంవత్సరము డిసెంబరులో, ఇట్టి రసీదులపై ఇచ్చు అప్పులకు కేంద్ర ప్రభుత్వము 1,000 కోట్ల రూపాయల హామీ నిధిని ఏర్పఱచినది. హామీ బ్యాంకునకే గాని అప్పు రద్దగుట కాదని సభ్యులు గుర్తింపవలెను. కిసాన్ క్రెడిట్ కార్డు గల చిన్న సన్నకారు రైతులకు, నమోదైన గిడ్డంగిలో దాచిన పంటపై ఆఱు నెలలవఱకు వడ్డీ రాయితీ దొరకు వీలును ఉన్నది. బ్యాంకులో ఆ యేటి నిబంధనలను అడిగి తెలిసికొనుడు.

లెక్క చూచుకొనుడు

రసీదు మంచిదైనంతమాత్రమున వేచియుండుట మంచిది కాదు. ఉదాహరణకు ఒక లెక్క వేయుదము. టిక్కీ 45 కిలోల చొప్పున వంద టిక్కీలు 45 క్వింటాళ్లు. క్వింటాలు 12,000 రూపాయలనుకొన్న విలువ 5,40,000. అందు నూటికి 70 వంతున అప్పు 3,78,000. నూటికి 9 వడ్డీ చొప్పున ఆఱు మాసములకు వడ్డీ 17,010. అద్దె, భీమా, హమాలీ కలసి టిక్కీకి 200 అనుకొన్న 20,000. వెరసి 37,010 రూపాయలు. అనగా క్వింటాలునకు సుమారు 822. ఆఱు నెలలకు ధర 12,822 దాటిననే లాభము. సరకు ఆరి తూకము తగ్గినయెడల ఇంకను ఎక్కువ కావలెను.

ధర పెరుగుననుట నిశ్చయము కాదు. 2023 లో గుంటూరున మేలురకపు మిరప క్వింటాలు 20,000 దాటి పలికినది. 2025 ఫిబ్రవరి నాటికి ధరలు పడిపోగా, కేంద్రము మన రాష్ట్రపు మిరపకు 11,781 రూపాయల లెక్కన ఆదుకొను ధర నిర్ణయింపవలసివచ్చినది. మంచి ధరకై ఏడాదికి పైగా గిడ్డంగిలో దాచినవారు ధరను పోగొట్టుకొని అద్దెయు వడ్డీయు కట్టుకొన్నారు. రసీదు రైతునకు వ్యవధి నిచ్చును, ధర నీయజాలదు. కావున సరకంతయు ఒకేమారు అమ్ముటయు, అంతయు ఒకేమారు దాచుటయు గాక, భాగములు చేసికొనుట ఉచితమని మా అభిప్రాయము.

యంత్రము చేయలేని పని

కంప్యూటరు తనకు చెప్పిన అంకెను మఱువదు. కాని ఆ అంకె నిజమో కాదో దానికి తెలియదు. కాటాలో కిలో తగ్గినయెడల ఆ తగ్గుదల కంప్యూటరులో శాశ్వతమగును. మంచి కాయను తాలుగా వ్రాసినయెడల అప్పును, అమ్మకపు ధరయు దానినిబట్టియే నడచును. కౌలురైతు సరకు భూస్వామి పేర జమయైనచో హక్కు భూస్వామిది. ఇదివఱకు దొంగ కాగితము వ్రాసినవాడు ఇప్పుడు సెల్‌ఫోనునకు వచ్చు రహస్య సంఖ్యను అడుగుచున్నాడు. మోసము త్రోవ మార్చుకొన్నది గాని మానలేదు.

కావున సభ్యులు ఈ క్రింది విషయములందు జాగరూకులై యుండవలెను.

1. గిడ్డంగివారి నమోదు పత్రమును, దాని గడువును చూడనిదే సరకు దింపవలదు. నమోదు లేని శీతల గిడ్డంగి ఇచ్చు బాండునకు ఈ చట్టపు రక్షణ లేదు.

2. కాటాయొద్ద స్వయముగ నిలిచి, బరువును తేమను వ్రాసికొనుడు. ఖాతాలో జమయైన అంకెలతో అదే దినము సరిచూచుకొనుడు.

3. ఖాతా మీ పేరనే, మీ సెల్‌ఫోను నంబరుతోనే యుండవలెను. కమీషను ఏజెంటు నంబరు ఇచ్చినయెడల సరకు తాళపుచెవి అతనికి ఇచ్చినట్లే.

4. రహస్య సంఖ్యను బ్యాంకువాడని చెప్పినవానికిని చెప్పవలదు.

5. నిలువ గడువును గోడపై వ్రాసిపెట్టుకొనుడు. గడువు దాటినను, అప్పు తీఱకున్నను సరకు వేలమునకు రావచ్చును.

ప్రత్తి రైతులకు ఒక మాట

ప్రత్తి విషయమునను కాగితము తగ్గుచున్నది. 2025-26 సంవత్సరమునకు భారత ప్రత్తి సంస్థవారు మద్దతు ధర కొనుగోలునకు కపాస్ కిసాన్ అను సెల్‌ఫోను ఏర్పాటులో రైతులు పేరు నమోదు చేసికొని, తమ వంతు దినమును ఎంచుకొనవలెనని నియమించిరి. ఆ యేడు పొడుగు పింజ ప్రత్తికి క్వింటాలు 8,110 రూపాయలు మద్దతు ధర. తేమ నూటికి 12 దాటిన ప్రత్తిని తీసికొనరు. పేరు ఎక్కినంతమాత్రమున తడి ప్రత్తి పొడి ప్రత్తి కాదు గాన, ఆరబెట్టు పని యెప్పటివలెనే రైతుదే.

సంఘము చేయవలసినది

2022 జూనులో కేంద్ర ప్రభుత్వము 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములకు కంప్యూటరు లెక్కలు ఏర్పఱుపవలెనని 2,516 కోట్ల రూపాయలతో నిర్ణయము చేసినది. కంప్యూటరు బల్లపై నున్నంతమాత్రమున అది సభ్యునకు ఉపకరింపదు. చదువురాని సభ్యునకు అతని ఖాతాలోని ప్రతి అంకెను చదివి వినిపించుట, ఖాతా తెఱచుటకు సాయపడుట, పది టిక్కీలవారు పదిమంది కలసి ఒక లారీలో సరకు పంపుకొనునట్లు చూచుట, గడువు సమీపించినప్పుడు కబురుచేయుట - ఇవి సంఘ కార్యదర్శులు చేయదగిన పనులు.

మన పెద్దలు అక్షరము రాకపోయినను తమ బస్తాకు తామే గుర్తు వేసికొనెడివారు; ఆ గుర్తును ఎవరు మార్చినను పట్టుకొనెడివారు. నేడు గుర్తు కంప్యూటరులోనికి పోయినది గాని సరకు మనదే. తన లెక్కను తాను చూచుకొను రైతునకు ఈ క్రొత్త రసీదు మేలు చేయును. చూచుకొననివానికి పాత బాండుకంటె ఎక్కువ చేయజాలదు. ఈ సంగతిని సభ్యులు వచ్చు కల్లములకు ముందే తమ గ్రామసభలలో చర్చించి, సందేహములను సంఘ కార్యాలయమున అడిగి తీర్చుకొందురని ఆశించుచున్నాము.