ఎర్రమట్టి దిబ్బల మీద మావాడి హీరో వేషం!

మొన్న ఆదివారం పులిహోర డబ్బా పట్టుకుని కుటుంబమంతా ఎర్రమట్టి దిబ్బలకి బయల్దేరాం. విశాఖకీ భీమిలికీ మధ్య, సముద్రం పక్కనే. 1978లో వచ్చిన 'మరోచరిత్ర' చూసినవాళ్లకి ఈ తీరం కొత్తేం కాదు లెండి!

మావాడు సినిమా హీరోలా దిబ్బ అంచున కూర్చుని జారబోయాడు. వాడికంటే ముందే బుట్టెడు ఇసుక జారిపోయింది! వేల ఏళ్లుగా గాలీ నీరూ పేర్చిన దిబ్బలవి. వానకే కోసుకుపోతాయి, మన కాళ్లూ తోడైతే ఇంకేమన్నా ఉందా?

"ఒరేయ్, దిగు!" అన్నాను. ముఖం మాడ్చుకున్నాడు. నిజం చెప్పొద్దూ, చిన్నప్పుడు నేనూ అక్కడే జారాను. అందుకే గట్టిగా తిట్టలేక, ఒడ్డుకి తీసుకెళ్లి పీతల వెంట పరుగులు పెట్టించాను.

ఇంటికొచ్చి వాడి నిక్కరు జేబు దులిపితే గుప్పెడు ఎర్ర ఇసుక!