మిట్టమధ్యాహ్నపు రైలు

గుర్రాలూ తుపాకులూ ఉన్న అమెరికన్ చిత్రమనగానే దౌడు, ధూళి, కాల్పులు మన తలపునకు వస్తాయి. 1952లో వెలువడిన 'హై నూన్' చిత్రంలో కాల్పులన్నీ చివరి కొద్ది నిమిషాలలోనే. అంతవరకు మనం చూసేది గడియారాన్ని. చిత్రం నిడివి సుమారు 85 నిమిషాలు; కథాకాలమూ ఇంచుమించు అంతే.

హాడ్లీవిల్ అనే ఊరి రక్షణాధికారి విల్ కేన్ ఆ ఉదయమే వివాహమాడి, ఉద్యోగం వదలి వెళ్ళబోతున్నాడు. అతడు ఒకప్పుడు పట్టి శిక్ష వేయించిన హంతకుడు విడుదలై పన్నెండు గంటల రైలులో వస్తున్నాడని వార్త. కేన్ సహాయం కోరి ఊరంతా తిరుగుతాడు. న్యాయమూర్తి పెట్టె సర్దుకొంటాడు. ఒక మిత్రుడు ఇంట్లో ఉండి లేడనిపిస్తాడు. చర్చిలో పెద్దమనిషి అతని సేవలను కొనియాడి, ఊరు విడిచి పొమ్మంటాడు. ఆ పొగడ్త తుపాకి కంటె క్రూరమైనదని నా అభిప్రాయం.

దర్శకుడు ఫ్రెడ్ జినెమన్, ఛాయాగ్రాహకుడు ఫ్లాయిడ్ క్రాస్బీ అంతర్యుద్ధకాలపు పాత ఛాయాచిత్రాలను ఆదర్శంగా పెట్టుకొన్నారు. ఆకాశానికి అందం తెచ్చే ఫిల్టర్లను మానివేసినారు. తెల్లని, కఠినమైన ఆ వెలుతురులో యాభై ఏళ్ళ గేరీ కూపర్ ముఖంపై ముడతలను దాచలేదు.

పన్నెండు కావస్తుండగా వచ్చే ఘట్టాన్ని శ్రోతలు చెవులతో కూడ చూడవలెను. లోలకం, చర్చిలో వంగిన తలలు, ఖాళీ కుర్చీ, రైలు పట్టాలు, వీలునామా వ్రాస్తున్న కేన్—ఒకదాని వెంట ఒకటి కదలుతుంటే దిమిత్రి త్యోమ్కిన్ సంగీతం పెరుగుతూ పోతుంది. అంతలో రైలు కూత!

కథారచయిత కార్ల్ ఫోర్‌మన్‌కు ఈ ఒంటరితనం కేవలం కల్పన కాదు. చిత్రీకరణ సాగుతుండగానే, 1951 సెప్టెంబరులో, అమెరికా ప్రతినిధుల సభ విచారణసంఘం ఎదుట ఆయన హాజరు కావలసి వచ్చినది. తనతోపాటు కమ్యూనిస్టు పార్టీలో ఉండినవారి పేర్లు చెప్పడానికి నిరాకరించినాడు. నిర్మాత స్టాన్లీ క్రేమర్ భాగస్వామ్యం తెంచుకొన్నాడు. మిత్రులు ముఖం చాటువేసిన ఆ రోజులలో తాను విన్న మాటలే సంభాషణలలోకి దిగినవని ఫోర్‌మన్ పిదప చెప్పినాడు.

1953 మార్చిలో కూపర్ నటనకు, కూర్పునకు, సంగీతానికి, పాటకు—మొత్తం నాలుగు ఆస్కార్ బహుమతులు లభించినవి. ఫోర్‌మన్ అప్పటికే ఇంగ్లండు చేరినాడు. హాలీవుడ్‌లో ఆయనకు పని ఇచ్చేవారు లేరు.