మూత్రబంధము

ఈ విషయమును గూర్చి రేడియోలో మాటలాడవలదని మిత్రులు కొందఱు నన్ను వారించిరి. సభలో చెప్పరాని మాటయట. సిగ్గుచే దాచియే నేను ప్రాణము మీదికి తెచ్చుకొంటిని గనుక ఆ సిగ్గును విడిచి చెప్పుచున్నాను.

నా పదియవ యేట, వేసవిలో, మా పుల్లయెద్దు మేత మానెను. మాటిమాటికి తోక విదలించుచు, వెనుకకాలితో కడుపు తన్నుకొనుచు, ముక్కుచు నిలుచుండెను. మూత్రము చుక్కచుక్కగా తప్ప రాలేదు. మా నాయనగారు మాధవనిదానమును కంఠస్థము చేసినవారు. పల్లేరుకాయల కషాయము కాచి వెదురుగొట్టముతో పోసిరి. కుండెడు నీరు త్రాపిరి. మూడవనాడు ఎద్దు శాంతించి పండుకొన్నది. మందు పట్టినదని మా అమ్మ దిష్టి తీసినది. పిదప కడుపు ఇరుప్రక్కల ఉబ్బి, నాలుగు దినములలో అది చనిపోయినది. ఆ శాంతము స్వస్థత కాదనియు, మూత్రాశయము పగులుటచే బిగువు తగ్గి నొప్పి అణగినదనియు చాల యేండ్లకు గాని నాకు తెలియలేదు.

ఆవునకు మూత్రనాళము పొట్టి, వెడల్పు. చిన్నరాళ్లు వెలికి దొరలిపోవును. ఎద్దు నాళము పొడవై, సన్నమై, నడుమ పాము మెలికవలె రెండుమార్లు వంగియుండును. రాయి తఱచుగా ఆ రెండవ వంపుననే చిక్కును. లేతవయస్సున విత్తు కొట్టించిన కోడెకు నాళము మఱింత సన్నముగా నుండిపోవును. పొట్టేలునకు, మేకపోతునకు నాళము చివర పురుగువంటి సన్నని తొడిమ యుండును. అడ్డు అక్కడ పడుట కలదు. తవుడు, గింజలు మిక్కిలిగా పెట్టి నీరు చాలినంత త్రాపనిచో రాళ్లు పుట్టును. అడ్డు పడకమునుపు నీరే ఔషధము. పడిన పిదప నీరు త్రాపుట, తూము మూసి చెరువు నింపుటవంటిది. మా నాయనగారికి శాస్త్రము తెలియక కాదు. మూత్రము పుట్టకున్నదా, పుట్టి వెలువడకున్నదా యని వారు విచారింపలేదు.

సుశ్రుతుడు మూత్రాఘాతములు పండ్రెండని చెప్పి, అందు వాతాష్ఠీలను మలమార్గమునకు వస్తికి నడుమ ఱాయివలె గట్టిపడునదిగా వర్ణించెను. నేటి వైద్యులు చెప్పు ప్రోస్టేటు గ్రంథి వృద్ధికి ఇది చాల దగ్గఱ. పురుషులకు ఏబదియేండ్లు దాటిన పిదప ఆ గ్రంథి పెరుగుట సామాన్యము. అది నాళమును చుట్టియుండుటచే ధార సన్నగిల్లును. రాత్రి పలుమార్లు లేవవలసివచ్చును. గ్రంథము వల్లించిన నేను దీనిని వయోధర్మమనుకొని ఊరకుంటిని. రెండేండ్ల క్రిందట పడిశమునకు అంగడిలో మాత్ర కొని మ్రింగితిని. అట్టి మాత్రలలో కొన్ని మూత్రమార్గమును బిగించును. ఆ రాత్రి నాకు మూత్రము పూర్తిగా స్తంభించినది. ఏమి చేసితినందురా? రెండు చెంబుల బార్లీనీరు త్రాగితిని! ఎద్దు చచ్చి యేబదియేండ్లు దాటినను బుద్ధి రాలేదు. తెల్లవాఱి మా కోడలు నా ముఖము చూచి, నన్నేమియు అడుగక ఆసుపత్రికి గొనిపోయెను. అచ్చట సన్నని గొట్టము వేయగా లీటరునకు పైగా వెలువడినది. ఆ గడియ సుఖమును వర్ణింప నాచేత గాదు.

పొత్తికడుపు ఉబ్బి, వేగిరపాటు కలిగియు మూత్రము రానివారు ఆ పూటనే వైద్యుని చేరవలెను. పశువు ముక్కుచు చుక్కలు విడుచుచున్నచో ఆనాడే పశువైద్యుని పిలువుడు. మేకపోతునకు ఆ తొడిమను వైద్యుడు కత్తిరించినంతనే ధార విడుచుట కలదు. ఎద్దునకు శస్త్రము పెద్దది. ఎద్దు మూత్రద్వారపు వెండ్రుకలకు ఇసుకవంటి రేణువులు అంటియున్నవేమో అప్పుడప్పుడు చూచుకొనుడు. తవుడు తగ్గించి నీరు ఎక్కువగా త్రాపవలసిన కాలమదియే.