పొడి అయితే పోయినట్టేనా?

కనుమ పండక్కి రాయవేలూరు నుంచి గుడియాత్తం వెళ్ళాను. మా అన్న అక్కడ ఇప్పటికీ మగ్గం మీద లుంగీలు నేస్తాడు. వాకిట్లో అడుగు పెట్టానో లేదో, పక్కకు పిలిచాడు.

"పిల్లకు నువ్వైనా చెప్పరా. తోటివాళ్ళు కంప్యూటరు ఉద్యోగాల్లో చేరిపోయారు. ఇదేమో లోహాలకు గ్యాసు పట్టిస్తూ కూర్చుంది. ఎనిమిది నెలల కష్టం మొన్న పొడైపోయిందంట!"

అమ్మాయి వేలూరులో పరిశోధన చేస్తోంది. చదువు మానుకోమని చెప్పే బాధ్యత నా మీద పడిందన్నమాట. సైన్సు మాస్టరుగా రిటైరైనవాణ్ణి, నాకూ సందేహంగానే ఉంది. అడిగాను.

"పొడి కావాలనే చేశాను చిన్నాయనా," అని నవ్వింది. వంటింట్లో గారెలకు నానబోసిన మినప్పప్పు చూపించింది. "నీళ్ళు పీల్చి ఉబ్బింది చూడు. లోహమూ అంతే."

హైడ్రోజన్ అణువు లోహాన్ని తాకగానే రెండు పరమాణువులుగా విడిపోతుంది. అవి లోహపు పరమాణువుల సందుల్లో దూరి కూర్చుంటాయి. లాంథనం, నికెల్ కలిసిన మిశ్రలోహమైతే దాదాపు నాలుగో వంతు ఉబ్బుతుంది. పెళుసు ముద్ద ఆ ఒత్తిడికి ఓర్చలేక పగిలి పొడవుతుంది. వేడి చేస్తే హైడ్రోజన్ మళ్ళీ బయటికొస్తుంది.

మరి అయస్కాంతత్వం? పరమాణువుల మధ్య దూరం మారితే అదీ మారుతుంది. పల్లాడియాన్ని అయస్కాంతం కాస్త తనవైపు లాక్కుంటుంది. కడుపునిండా హైడ్రోజన్ పట్టిస్తే అదే లోహం కొద్దిగా ఎడంగా జరుగుతుంది. నియోడిమియం, ఇనుము, బోరాన్ కలిసిన అయస్కాంతపు లోహంలో హైడ్రోజన్ చేరితే మరింత వేడిని తట్టుకుని అయస్కాంతత్వం నిలుస్తుంది. కాని అది ఒకే దిక్కుకు కట్టుబడి ఉండే గుణం తగ్గుతుంది.

ఈ రెండు గుణాల కథా ఒకచోటే కలిసింది. హాలెండులోని ఫిలిప్స్ ప్రయోగశాలలో సమేరియం–కోబాల్ట్ అయస్కాంతాలను పరీక్షిస్తూ, అవి హైడ్రోజన్ పీలుస్తాయనీ, దాంతో పట్టు సడలుతుందనీ 1969లో ప్రకటించారు. ఆ దారినే వెళ్ళి 1970లో లాంథనం–నికెల్ సంగతి చెప్పారు. నికెల్ హైడ్రైడ్ బ్యాటరీలకు మూలం అదే.

"అయితే పొడి దేనికి?" అన్నాడు అన్న, గుమ్మం దగ్గర్నుంచి.

"కర్మాగారాల్లో అయస్కాంతపు ముద్దను ముందు ఇలాగే పొడి చేస్తారు నాయనా. ఇంకా మెత్తగా నూరి, రేణువులన్నిటినీ ఒకే దిక్కుకు తిప్పి, అచ్చు ఒత్తి కాలుస్తారు. ఆ వేడికి హైడ్రోజన్ పోతుంది."

ఇంగ్లండులో బర్మింగ్‌హాం విశ్వవిద్యాలయంలో రెక్స్ హ్యారిస్ బృందం పెంపొందించిన పద్ధతి ఇది. పాత హార్డ్ డిస్కుల్లోని అయస్కాంతాలను కూడా ఇలాగే పొడిచేసి మళ్ళీ వాడుకోవచ్చునట. మన విశాఖపట్నంలో సమేరియం–కోబాల్ట్ అయస్కాంతాల కర్మాగారాన్ని 2023 మేలో జాతికి అంకితం చేశారు. ఈ చదువు చదివినవాళ్ళకు మన దగ్గరా పని ఉంటుందని ధైర్యం చెప్పాను.

అన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత మగ్గం దగ్గరికెళ్ళి, తెగిన పడుగు పోగు అతుకుతూ అడిగాడు: "ఇంకా ఎన్నేళ్ళు పడుతుంది పాపా?"

"రెండేళ్ళు నాయనా."

"సరే, కానీ."

మర్నాడు పొద్దున్నే బస్సులో ఇద్దరం వేలూరు వచ్చాం. తోటివాళ్ళ కోసం వదిన కట్టిచ్చిన గారెల డబ్బా దాని ఒళ్ళో ఉంది.